మన బడిలో తొలి కుర్చీ
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగం)



వేదికపై ఉన్న ఈ టేకు కుర్చీ మన తొమ్మిదవ తరగతి పిల్లలు చేసిన మొదటిది. బల్ల చేసిన చేతికి కుర్చీ సులువని అనుకోరాదు. కూర్చునే చోటు ముందు వెడల్పుగా, వెనుక కొంత ఇరుకుగా ఉంటుంది. వెనుక కాళ్లు వాలుగా సాగుతాయి. కనుక మూలమట్టానికి ఒదగని కోణాలలో కుసులు కోసి, బెజ్జాలు తొలవాలి. మనిషి వెనక్కి వాలినప్పుడు భారమంతా ఆ వెనుక అతుకులపైనే పడుతుంది. అక్కడ కుసి వదులైతే ఎన్ని మేకులు కొట్టినా నిలువదు. పచ్చికర్ర ఆరేకొద్దీ అడ్డంగా కుదించుకుపోతుంది, నిలువునా దాదాపు మారదు. ఇది పిల్లలు మేస్త్రిగారి వద్ద నేర్చిన శాస్త్రం.

1936లో బరంపురం ఒరిస్సాలో చేరింది. ఇక్కడ తెలుగు చదువెందుకని అడిగే తల్లిదండ్రులున్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. అయితే కుసి, బెజ్జం, చిత్రిక అనే మాటలు మా వాచకాలలో కనబడవు. ఒక బాలిక ఇంటికి వెళ్లి బాడిస అంటే ఏమిటని అడిగితే, తాతగారు అటకపై నుంచి తన తండ్రి బాడిసనే దించి చూపారట!

వచ్చే ఏడు ఆరు కుర్చీలు చేయదలచాము. పాత టేకు తలుపులు బాగా ఆరిన కర్ర. ఇళ్లు మార్చి కట్టుకునేవారు వాటిని అమ్మివేసే ముందు మాకొక కబురు పంపగోరుతాను.