చళ్లకెర బీళ్లు, సర్వే పటాలు

మన ద్రాక్షారామం సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో 65-ఎల్ షీటులో పడుతుంది. ఆ పటాల్లో సాగునేలకు పసుపు రంగు వేస్తారు కనుక కాలవల నీలం పోను మన సీమంతా పసుపే. అదే కర్ణాటకలో చిత్రదుర్గం జిల్లా చళ్లకెర ఉన్న 57-బీ విప్పండి. బీడుకు రంగు లేదు. చూసేవాడికి అక్కడేమీ లేదనిపిస్తుంది.

అక్కడున్నవి అమృత్ మహల్ కావలి భూములు, అంటే మైసూరు ప్రభువుల పశువుల మేతబీళ్లు. చిక్కదేవరాజ ఒడయరు నాటి పశుశాఖకు టిప్పు సుల్తాను పెట్టిన పేరు అమృత్ మహల్. ఆ ఎద్దుల ఘనత ఫిరంగులు లాగడంలో. వాన చాలని నేల కదా, ఎండకాలానికి ఒక బీడు, వానలకు ఒకటి, చలికి ఒకటి. మందలు మారుతుంటే గడ్డి తేరుకునేది. గడ్డి పశువులదే అయినా, చాలాకాలం పెత్తనం సైన్యానిదే.

1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం ఆంగ్లేయుల చేతికి చిక్కాక మైసూరును కొలిచే పని సర్వేయరు కాలిన్ మెకంజీకి దక్కింది. ఆయన వెంట ఊరూరా తిరిగినవాడు మన ఏలూరు యువకుడు కావలి వెంకట బొర్రయ్య. (ఇంటిపేరే అది, ఆ బీళ్లతో చుట్టరికం లేదు!) శాసనాలు చదివించాడు, ఊరి పెద్దల నోట వృత్తాంతాలు రాబట్టాడు. 1803లో, ముప్పై నిండకుండానే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. పటం పక్కనే ఊరి మాట కూడా ఉండాలన్న ఆ పట్టుదల తర్వాతి సర్వేల్లో పలచబడిందనే నేనంటాను.

చళ్లకెర షీటులోని ఆ తెల్లటి జాగాలోనే ఇటీవల సుమారు పదివేల ఎకరాలు డీఆర్‌డీవో, ఇస్రో, బార్క్, బెంగుళూరు ఐఐఎస్‌సీ అనే రక్షణ, పరిశోధన సంస్థలకు ఇచ్చారు. 2016 నవంబరులో రుస్తుం-2 అనే మానవరహిత విమానం అక్కడే తొలిసారి ఎగిరింది. బట్టమేక పిట్టలు తిరిగిన గడ్డి అది. గొర్రెల కాపరులకూ కంబళ్లు నేసే కురుబలకూ బతుకుదెరువు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. దేశరక్షణకు చోటు కావాలి, కాదనను. ఖాళీ అని తేల్చేముందు మేపుకునేవాణ్ణి అడగాల్సింది.

ఇక మన పటాల సంగతి. తీరానికి దగ్గరి షీట్లను చాలాకాలం మనకూ అమ్మేవారు కాదు. ఇప్పుడు ఓపెన్ సిరీస్ పటాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. మీ ఊరి షీటు తెప్పించుకోండి. అందులో రంగు వేయని చోట్లేవో గుర్తించి, అడంగల్‌లో అవి పశువుల మేత పోరంబోకుగా ఉన్నాయేమో సరిచూసుకోండి.