కిటికీకి వీపు పెట్టి

ఆల్బినిజంతో పుట్టిన పాపను ఒకటో తరగతిలో చేర్చినప్పుడు అందరి చూపూ ఆ తెల్లజుట్టు మీదే పడుతుంది. అసలు ఇబ్బంది కంటిది. మెలనిన్ అనే రంగు పదార్థం లోపం వల్ల రెటీనా నడిమి భాగం పూర్తిగా ఎదగదు. అందుకే కళ్లద్దాలు పెట్టినా చూపు పూర్తిగా సరికాదు. వెలుతురు గుచ్చుకుంటుంది, కనుగుడ్లు వాటంతటవే ఊగుతుంటాయి.

పాప తల ఓ పక్కకు తిప్పి బోర్డు చూస్తుంటే "తిన్నగా కూర్చో" అని గదమకండి. చాలామందికి ఆ కోణంలోనే కంటి ఊపు తగ్గి అక్షరం నిలుస్తుంది. ముందు బెంచీలో ఏ వైపు బాగా కనిపిస్తోందో పాపనే అడగండి. కిటికీ మాత్రం వీపు వైపు ఉండాలి. పుస్తకం ముక్కుకి ఆనించి చదివితే కళ్లు పాడవుతాయన్నది ఉత్త భయం. టీచరు బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాస్తే చాలా పని తేలికవుతుంది, దానికి పైసా ఖర్చు లేదు! ఉదయం ప్రార్థనలో నీడన నిలబెట్టండి. టోపీ యూనిఫాంలో లేదని తీయించకండి.

ఇక కాగితాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో ఆల్బినిజం పేరు విడిగా లేదు, అల్పదృష్టి ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో అల్పదృష్టి కిందే చూపు పరీక్ష చేయించాలి. సర్టిఫికెట్ వచ్చేదాకా ముందు బెంచీ ఆపక్కర్లేదు. పెద్దక్షరాల పుస్తకాల కోసం మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచరును కలవండి. ఏటా టీచర్లు మారతారు కనుక, పాప అవసరాలు ఒక పేజీలో రాసి జూన్‌లోనే హెడ్‌మాస్టరుకు ఇవ్వండి.