పాలసీసా, ఉగ్గుగిన్నె, అన్నం దగ్గర పేచీ

కార్యదర్శిగారు పది నిమిషాలే ఇచ్చారు గనుక సూటిగా విషయానికి వస్తాం.

మన పొదిలిలో ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే ఫిర్యాదు: "మావాడు అన్నం ముట్టడండీ, పాలసీసా ఉంటే చాలు." మా ఇంట్లోనూ ఇదే భాగోతం. పెద్దపిల్లకు మూడో నెలలోనే డబ్బాపాలు మొదలుపెట్టాం. ఏడాదిన్నర వచ్చినా పప్పన్నం నోట పెడితే ఉమ్మేసేది. చిన్నవాడు తల్లిపాలు తాగాడు, మునగాకు పప్పు కూడా వద్దనలేదు. ఇద్దరు పిల్లల్ని చూసి సూత్రం చెప్పరాదనుకోండి. కానీ పరిశోధకులు చెప్పేదీ కొంతవరకు ఇలాగే ఉంది.

తల్లి తిన్నదాని రుచి, వాసన ఆమె పాలలోకి దిగుతాయి. అమెరికాలో జూలీ మెనెల్లా అనే శాస్త్రజ్ఞురాలు, సహచరులు 2001లో ప్రచురించిన పరిశోధనలో, గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో తల్లులు క్యారెట్ రసం తాగితే, వారి పిల్లలు ఆ రుచిగల గంజికి తక్కువగా ముఖం చిట్లించారు. డబ్బాపాలకేమో పొద్దునా సాయంత్రమూ ఒకటే రుచి. మరి బాలింతకు పథ్యమంటూ నెలల తరబడి కారప్పొడి అన్నమే పెట్టే మన దాదీమ్మలు ఈ సంగతి కాస్త ఆలోచించాలి!

రెండోది సీసా సంగతి. రొమ్ము తాగే బిడ్డ కడుపు నిండగానే వదిలేస్తుంది. సీసా పట్టేటప్పుడు మనం బిడ్డ ముఖం చూడం, సీసామీద గీత చూస్తాం. "ఇంకొక్క గుక్క, ఇంకొక్క గుక్క" అని ఖాళీ చేయిస్తాం. చిన్నప్పుడు ఎక్కువగా సీసాతో తాగినవారు తర్వాతి నెలల్లోనూ గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగుతున్నారని 2010లో అమెరికాలోనే వచ్చిన మరో పరిశోధన చెప్పింది. సీసాలో తల్లిపాలే పోసినా అంతే.

మన ప్రాంతానికి ఇంకొక బాధ ఉంది: బోరునీళ్ళలో ఫ్లోరైడు. ఆ నీళ్ళతో పాలపొడి కలిపితే అదంతా బిడ్డ కడుపులోకే. కాచినా ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది. తల్లి ఆ నీళ్ళే తాగినా ఆమె పాలలోకి వచ్చేది బహుస్వల్పం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో, 600 మంది తల్లీబిడ్డలతో చేసిన పని 2013లో ప్రచురితమైంది. అనుపాన ఆహారం ఎలా పెట్టాలో ఇంటికి వెళ్ళి చెప్పినచోట పిల్లల తిండి మెరుగైంది. బిడ్డ సైగలు గమనించి తినిపించడం, ఆడించడం కూడా నేర్పినచోట బుద్ధి వికాసం బాగుంది. ఇందులో ఖర్చేముంది చెప్పండి?

ఇవన్నీ విని డబ్బా పట్టిన తల్లిని ఎవరూ నిందించకండి. మిరపకోతలకు తెల్లవారకముందే పోయే ఆడమనిషి ఏం చేస్తుంది? ఖురాన్‌లో రెండేళ్ళు పాలివ్వమన్నచోటే, తల్లిదండ్రులు సంప్రదించుకుని మాన్పించినా దోషం లేదనీ, వేరొకరిచేత పాలిప్పించినా ఫరవాలేదనీ ఉంది. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టించవచ్చు. పాలపీకకన్నా ఉగ్గుగిన్నె కడగడం తేలిక.

మొన్న ఒక నానీ అడిగారు: "మావాడికి సీసా అలవాటైపోయింది, ఇప్పుడేం చేయాలి బాబూ?" ఆరు నెలలు నిండాయా అని అడిగాం. నిండాయన్నారు. అయితే మెత్తని పప్పన్నం, రాగిజావ, ఆకుకూర ఒక్కొక్కటే చెంచాడు పెట్టమన్నాం. ఉమ్మితే తిట్టక, రెండురోజులాగి మళ్ళీ అదే పెట్టమన్నాం. ఎనిమిది, పదిసార్లు రుచి చూస్తేగాని కొందరు పిల్లలు ఒప్పుకోరు. మూడోసారికే విసిగి సీసా అందుకునేది మనమే.