తాడు లాగే హక్కు

 

ఇవాళ పట్టాలు అందుకున్న మీలో చాలామంది చేతిలో ఇప్పటికే ఆఫర్ లెటర్ ఉంది. అందులో జీతం ఉంది, ఊరు ఉంది, బాండ్ ఉంటే అదీ ఉంది. అయిదేళ్ల తర్వాత మీకు ఏ పని వచ్చి ఉంటుందన్నది మాత్రం అందులో లేదు. అది హెచ్‌ఆర్ వాళ్ల ట్రైనింగ్ క్యాలెండర్‌ను బట్టి ఉంటుందని అనుకుంటాం. నాకు అలా అనిపించదు. పెద్ద కంపెనీలో మనిషి ఎదుగుదల ఆ కంపెనీ ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. ఆ ఉద్దేశం తెలియాలంటే రిసెప్షన్ గోడమీద రాసుకున్నది చదవక్కర్లేదు, వాళ్లు దేనికోసం పని ఆపుతారో చూస్తే చాలు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. గైర్హాజరుకు పేరుమోసిన ఫ్యాక్టరీ. యాజమాన్యానికీ యూనియన్‌కూ ఉప్పూ నిప్పూ. అక్కడి పెద్ద నియమం ఒక్కటే, అసెంబ్లీ లైను ఆగకూడదు. బోల్టు సరిగా బిగియకపోయినా కారు ముందుకు పోవలసిందే, తప్పులేవైనా చివర్లో రిపేరు చేసుకుంటారు. 1982లో దాన్ని మూసేశారు. 1984లో టయోటాతో కలిసి నమ్మీ అన్న పేరుతో అదే ఫ్యాక్టరీని మళ్లీ తెరిచారు. కార్మికుల్లో అత్యధికులు పాతవాళ్లే, యూనియనూ పాతదే. టయోటా వందలమందిని జపాన్ పంపి శిక్షణ ఇప్పించింది, లైను పొడవునా ఒక తాడు కట్టింది. తేడా కనిపిస్తే ఆ పనిచేసే మనిషే తాడు లాగుతాడు. టీమ్ లీడర్ పరుగున వస్తాడు. ఆ కాస్త వ్యవధిలో సర్దుకోకపోతే లైను ఆగిపోతుంది. తేడా ఎందుకొచ్చిందో ఆ తర్వాత అందరూ కలిసి తేలుస్తారు. రెండేళ్లు తిరిగేసరికి అక్కడి కార్లు నాణ్యతలో జనరల్ మోటార్స్ మేటి కార్ల సరసన చేరాయి.

నా లెక్కలో జపాన్ ప్రయాణంకన్నా ఆ తాడే ఎక్కువ నేర్పింది. లాగిన ప్రతిసారీ కార్మికుడికి తన పని గురించి ఒక కారణం తెలుస్తుంది. లైను ఆగకూడదన్న చోట ఎంత శిక్షణ ఇచ్చినా, తెలిసింది వాడే సందు దొరకదు. 1988 ప్రాంతంలో అమ్మకాలు పడిపోయి, ఫ్యాక్టరీ సామర్థ్యంలో 60 శాతం కూడా వాడుకలో లేనప్పుడు సైతం ఎవరినీ తీసేయలేదు. పని లేనివాళ్లను తరగతులకూ, పనితీరు మెరుగుపరిచే బృందాలకూ పంపారు. మన ఐటీ సేవల రంగంలో దీనికి దగ్గరగా ఉండేది, ప్రాజెక్టు లేనివాళ్లు ఎదురుచూసే బెంచ్. అక్కడా కోర్సులుంటాయి, సర్టిఫికేషన్లుంటాయి. కానీ లెక్కంతా బిల్లయ్యే గంటల మీద నడిచేచోట బెంచ్ మీదివాడు ఉద్యోగభయంతో చదువుతాడు. ప్రాజెక్టు దొరికాక టైమ్‌షీట్‌లో చదువుకు గడి దొరకదు. ఇందులో మేనేజర్ దుర్మార్గమేమీ లేదు. గంటలు అమ్మడమే ఉద్దేశమైనప్పుడు నేర్చుకునే గంట నష్టం పద్దులోనే పడుతుంది.

టయోటా ధర్మసత్రం నడిపిందా, లాభం కోసమే కదా అని మీరడగవచ్చు. నిజమే. వ్యాపారానికున్న సామాజిక బాధ్యత లాభం పెంచుకోవడమేనని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లోనే వాదించాడు. అయితే నమ్మీ యజమానులిద్దరూ లాభం కోరినవాళ్లే. అమెరికన్ కార్మికులతో, అమెరికన్ సరఫరాదారులతో కార్లు ఎలా చేయాలో తెలుసుకోడానికి టయోటా వచ్చింది. తెలుసుకుని, 1988లో కెంటకీలోని సొంత ఫ్యాక్టరీలో కార్లు మొదలుపెట్టింది. జనరల్ మోటార్స్‌కు ముఖ్యంగా కావలసింది నష్టం రాని చిన్న కారు. నమ్మీలో ఆరితేరిన దాని మేనేజర్లు తిరిగి వెళ్లినా ఆ పద్ధతి అదే కంపెనీ వాన్ నైస్ ఫ్యాక్టరీలో నాటుకోలేదు, 1992లో అదీ మూతబడింది. తాడు ఎవరైనా కొనుక్కోవచ్చు, ఉద్దేశాన్ని కొనుక్కోలేరు మరి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఉద్దేశం పేరుతోనే ఉద్యోగిని పిండుకునే కంపెనీలున్నాయి. మనమంతా ఒక కుటుంబం అని ఆదివారం పిలిపిస్తారు. 2019 ఆగస్టులో అమెరికాలో 181 మంది సీఈఓలు వాటాదారులతోపాటు ఉద్యోగుల మేలూ చూస్తామని, వాళ్లపై పెట్టుబడి పెడతామని సంతకాలు చేశారు. సంతకానికి ఖర్చేముంది? ఖర్చయ్యే ఉద్దేశం ఎలా ఉంటుందో చూడాలంటే అల్యూమినియం కంపెనీ ఆల్కోవాను చూడండి. 1987లో పగ్గాలు పట్టిన పాల్ ఓనీల్ అన్నిటికన్నా ముందు కార్మికుల భద్రత అన్నాడు. ఎవరికి దెబ్బ తగిలినా, మళ్లీ అలా జరక్కుండా ఏం చేస్తారో ఆ విభాగాధిపతి 24 గంటల్లో చెప్పాలి. అలా చెప్పాలంటే యంత్రం ఎలా నడుస్తుందో పెద్దాయనకు తెలియాలి, తెలియాలంటే దాన్ని నడిపే మనిషిని అడగాలి. శిక్షణ అక్కడ పైనుంచి కిందికే కాక కిందినుంచి పైకీ నడిచింది.

మంచి ఉద్దేశం ఉద్యోగాన్ని కాపాడుతుందని మాత్రం నేను చెప్పను. జనరల్ మోటార్స్ తప్పుకున్నాక టయోటా 2010లో నమ్మీని మూసేసింది, వేలమంది రోడ్డున పడ్డారు. నేర్చుకున్న పని వాళ్ల దగ్గరే ఉండి ఉంటుంది, కానీ దాంతో ఇంటి వాయిదా తీరదు. అందుకే జీతం గురించి సిగ్గుపడకుండా బేరమాడండి. ఇంటర్వ్యూ చివర్లో, మీకేమైనా ప్రశ్నలున్నాయా అంటారు కదా, అప్పుడు ఇంకొకటి కూడా అడగండి. మీ టీమ్‌లో రిలీజ్ చివరిసారి ఎవరు ఆపారు, ఆ మనిషి ఇప్పుడు ఏ హోదాలో ఉన్నాడు?