గుండె కణంలో ఫాస్ఫేటు పని

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే తెలుగువారికి ఆయన వెలికితెచ్చిన మందులు గుర్తుకు వస్తాయి గాని, గుండె కొట్టుకునే తీరును అర్థం చేసుకోవడానికి ఆయన హార్వర్డ్‌లో చేసిన తొలి పరిశోధన ఎంత ఆధారమైందో తగినంతగా ప్రచారంలోకి రాలేదు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన రూపొందించిన భాస్వర పరీక్షలో ఫాస్ఫేటు ఉన్నచోట నీలిరంగు పుడుతుంది. కండరం నుంచి తీసిన ద్రవంలో ఆ రంగు ఒక్కసారిగా రాక, నిమిషాలు గడిచేకొద్దీ ముదరడం గమనించి, ఏదో పదార్థం నుంచి ఫాస్ఫేటు మెల్లగా విడిపోతున్నదని వారు గ్రహించారు. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ వెలుగుచూశాయి. ఏటీపీని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు.

ఏటీపీ చివరనున్న ఫాస్ఫేటును కైనేజ్ అనే ఎంజైము తీసి ప్రోటీనుకు తగిలించడమే ఫాస్ఫోరిలీకరణ. ఫాస్ఫటేజ్ దాన్ని మళ్లీ ఊడదీస్తుంది. ఈ రాకపోకలతో ప్రోటీన్ల పని మారుతుందని నిరూపించిన ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్‌లకు 1992లో నోబెల్ లభించింది.

ఈ మార్పు గుండెలో ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ముందు కాల్షియం సంగతి చూడాలి. గుండె ముడుచుకోవడానికి కాల్షియం కావాలని సిడ్నీ రింగర్ 1883లోనే చూపాడు. విద్యుత్ ప్రేరణ రాగానే కణపొరలోని ఎల్-రకపు ద్వారాల గుండా కొద్దిపాటి కాల్షియం లోపలికి వస్తుంది. అది తగలగానే, కణంలో గాదెలా కాల్షియాన్ని దాచి ఉంచే సార్కోప్లాస్మిక్ జాలకంపై రయనోడిన్ గ్రాహకాలు అనే ద్వారాలు తెరుచుకొని, కణద్రవంలో కాల్షియం సుమారు పదిరెట్లు పెరిగి, కండరం ముడుచుకుంటుంది. సెర్కా అనే పంపు, ఒక్కో ఏటీపీ ఖర్చుతో రెండేసి కాల్షియం అయాన్లను తిరిగి జాలకంలోకి తోడినప్పుడు కండరం సడలుతుంది.

భయంలోనో పరుగులోనో అడ్రినలిన్ పెరిగితే ప్రోటీన్ కైనేజ్-ఎ చురుకవుతుంది. మామూలుగా సెర్కాను అణచి ఉంచే ఫాస్ఫోలాంబన్ అనే చిన్న ప్రోటీనులో 16వ స్థానపు సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఆ కైనేజ్ ఫాస్ఫేటు తగిలించగానే అణచివేత సడలి, పంపు వేగం పెరిగి, గుండె త్వరగా విశ్రమించడమే గాక, జాలకం మరింత నిండడం వల్ల తరువాతి స్పందనలో కాల్షియం ఎక్కువగా విడుదలవుతుంది. కాబట్టి విడుదల అనగానే రయనోడిన్ ద్వారాన్నే చూడడం పొరపాటు. జాలకంలోని నిల్వకూ అంతే ప్రాధాన్యం ఉంది.

రయనోడిన్ గ్రాహకంలోని సెరీన్-2808కు ఫాస్ఫేటు మితిమీరి తగలడం వల్లనే గుండె బలహీనపడినప్పుడు కాల్షియం కారిపోతున్నదని ఆండ్రూ మార్క్స్ బృందం 2000లో ప్రతిపాదించింది. ఆ సెరీన్‌ను మార్చిన ఎలుకలపై వేర్వేరు ప్రయోగశాలలకు వేర్వేరు ఫలితాలు వచ్చాయి. కాల్షియం-కాల్మోడ్యులిన్ కైనేజ్ ప్రభావానికి లోనయ్యే సెరీన్-2814 వైపే సాక్ష్యం బలంగా ఉందని చెప్పక తప్పదు.

హైదరాబాదు శివారులోని యాప్రాల్ నుంచి శామీర్‌పేట మీదుగా వెళ్తే తుర్కపల్లి దగ్గర జీవశాస్త్ర పరిశోధన సాగే జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలున్నాయి. అటువైపు అడుగువేయదలచిన ఈ ప్రాంతపు విద్యార్థులు ఈ వివాదంలోని ఇరుపక్షాల ప్రయోగాలనూ పక్కపక్కన పెట్టుకొని చదవాలి.