మ్యాగజైన్ అంటే ఖజానా

 

ఈ సంచికను పిల్లలు ‘మ్యాగజైన్’ అంటారు. అది అచ్చమైన ఇంగ్లీషు మాట అనుకుంటాం. మూలం మాత్రం అరబ్బీ. ‘మఖ్‌జన్’ అంటే గోదాము, బహువచనం ‘మఖాజిన్’. ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా అది ఇంగ్లీషుకు చేరింది. ఫ్రెంచిలో ఆ మాటకు నేటికీ దుకాణం అనే అర్థం. ఇంగ్లీషులో మొదట సరుకుల గోదాము. మందుగుండు నిల్వచేసే కొట్టునూ, తుపాకీలో తూటాలుండే అరనూ అలాగే పిలిచారు. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ తన పత్రికకు ‘ది జెంటిల్మన్స్ మ్యాగజైన్’ అని పేరు పెట్టాడు. రకరకాల రచనలకు అదొక గోదాము అని ఆయన భావం. ఆ తర్వాత అలాంటి పత్రికలకు ఆ మాట వాడుకైంది.

మనం రోజూ అనే ‘ఖజానా’ కూడా ఆ అరబ్బీ ధాతువుదే. మన జమ్మికుంట మార్కెట్‌కు వచ్చే పత్తిని ‘కాటన్’ అంటాం, అదీ అరబ్బీ ‘ఖుత్న్’ నుంచి వచ్చిందే.

ఇంగ్లీషుకు భయపడి పదో తరగతి దగ్గర చదువు మానే పిల్లలను మేము చూస్తూనే ఉన్నాం. వారిలో ఆడపిల్లలూ ఉన్నారు. దాదీమా నోట విన్న మాటకు ఇది చుట్టమని చెబితే వాళ్ల బెరుకు తగ్గుతుంది. ఒక మాటకు ఇన్ని అర్థాలుంటే బట్టీ పట్టి లాభం లేదు, వాక్యం చూసి అర్థం పట్టుకోవాలి. అందుకు చేతిలో నిఘంటువు ఉండాలి.

గోదాములో దాచేది పంచడానికే. ఈ ఏడు నోటు పుస్తకాలతో పాటు ప్రతి విద్యార్థికీ ఒక నిఘంటువు ఇప్పించాలని సొసైటీ పెద్దలకు మా మనవి. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.