పంట పోయినంక వచ్చే పైసలు, పోకముందు కావాల్సిన పైసలు
(మహాసభలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ సంఘాలోళ్లకు వ్యవసాయం ముచ్చటెందుకు అని కొందరు అడిగిన్రు. మనలో చాలామందికి నల్లగొండ దిక్కో, పాలమూరు దిక్కో ఎకరమో రెండెకరాలో ఉన్నది. లేనోళ్లలో కూడా కూరగాయలు అమ్ముకునేటోళ్లున్నరు. ఊర్లో మడి మునిగితే ఇక్కడ గంప ఖాళీ.

2020 అక్టోబర్‌లో సరూర్‌నగర్, హయత్‌నగర్ కాలనీలు మునిగినప్పుడు ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించిన్రు. అవే వానలకు ఊళ్లల్ల పత్తి, వరి పోయినయి. పంటకు కేంద్రం పెట్టిన విపత్తు సాయం లెక్క వేరే. 2022లో సవరించిన ప్రకారం 33 శాతం, ఆపైన నష్టపోతేనే ఇస్తరు. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000. అంటే ఎకరానికి 3,400, లేదా 6,800 చిల్లర. అదీ రెండు హెక్టార్ల వరకే. కూలి, విత్తనం, మందు లెక్కేసుకుంటే అది ఏ మూలకు?

2023 మార్చిలో వడగండ్లు పడ్డప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి 10,000 ప్రకటించింది, కౌలురైతుకూ అందాలన్నది. మంచిమాటే. కానీ కౌలు నోటిమాట మీద నడుస్తది, పాసుపుస్తకం పట్టాదారు చేతిల ఉంటది. దున్నిన ఆడమనిషి పేరు ఏ కాగితం మీదా ఉండదు.

ఇంకో సంగతి. పంట పోయిన అక్కకు కిస్తీ ఆగదు. ఆమె కట్టకపోతే గ్రూపంతా కట్టాలె. అందుకే మేము అనేది, మునిగినోళ్లకు ఇంకో అప్పు ఇచ్చి సాయం చేసినమనుడు సరిగాదు. తిరిగి కట్టే పనిలేని గ్రాంటు కావాలె, అదీ విత్తనానికి, నీటికుంటకు, గట్టుకు, పంట వేయకముందే.

జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ డీడీఎస్ సంఘాల దళిత మహిళలు 1990లలోనే ఇసొంటిది చేసి చూపెట్టిన్రు. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో బీడు భూములు దున్నిచ్చి, తీసుకున్నదాన్ని పైసల రూపంల కాదు, జొన్నల రూపంల తిరిగి కట్టిన్రు. ఆ జొన్నలు ఊర్లనే నిల్వ పెట్టి పేదోళ్లకు తక్కువ ధరకు ఇచ్చిన్రు. ఒకే చేనులో పది రకాలు కలిపి వేస్తరు గనుక వాన అటూఇటూ అయినా ఏదో ఒకటి చేతికొస్తది. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. చదువురానోళ్లని చిన్నచూపు చూసిన ఆఫీసర్లు గుర్తుపెట్టుకోవాలె, మనం కూడా.

ఇగ మన పని. ఊర్ల భూమి ఉన్న సభ్యులు, కౌలు చేసేటోళ్లు, ఏఈవో దగ్గర పంట నమోదు చేయించుకోవాలె. గ్రాంటు అడుగుతూ వ్యవసాయ శాఖకు సమాఖ్య తరఫున అర్జీ పెడదామని మా ప్రతిపాదన. దానికి ప్రతి గ్రూపు ఒక కాగితం నింపాలె. రెండే ప్రశ్నలు: పాసుపుస్తకం ఎవరి పేరు మీదున్నది? చేనుల పనిచేసేది ఎవరు? వచ్చే నెల మీటింగుకు బుక్‌కీపర్లు తెచ్చియ్యాలె.